తాళం వేసినోడే తియ్యాలె

"పెద్దమ్మా, నువ్వు జర పక్కకు జరుగు. తాళం పగలగొట్టుడు తప్ప ఇంకో తొవ్వ లేదు."

వీరేందర్ చేతిలో ఇనుపరాడ్డు ఉంది. సుగుణమణి కరెంటు డబ్బాకు వీపు ఆనించి నిలబడింది. చర్చికని కట్టుకున్న తెల్లచీరకు గోడసున్నం అంటుతోంది. అయినా కదల్లేదు.

"జరగ," అంది.

"లోపల ఎవలున్నరు పెద్దమ్మా? పురుగు లేదు. ఎవలకు షాకు కొడ్తది?"

"ఎవలకు కొట్టది. గంత సుత తెల్వనిదాన్నా? అయినా జరగ."

కూతురు లిల్లీ ఈ గొడవలో లేదు. వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, చెవిన ఒక ఫోను, ఒడిలో ఇంకో ఫోను పెట్టుకుని, వచ్చీరాని హిందీలో ఎవరినో బతిమాలుతోంది. ఒకటి పెట్టేస్తే ఇంకొకటి మోగుతోంది.

వెనకగదిలో మాత్రం చప్పుడు లేదు. ఆ గదిలో నల్లటి కంప్యూటర్ మిషిన్లు ఇన్నాళ్లుగా రాత్రనక పగలనక హోరుమంటూనే ఉన్నాయి. "ఇల్లు కట్టుకుంటిమా, పిండిగిర్ని పెట్టుకుంటిమా" అని సుగుణమణి తిట్టని రోజు లేదు. ఇవాళ ఆ హోరు ఆగేసరికి ఇంట్లో ఎవరికో ఊపిరాడనట్టు ఆమెకు గాభరాగా ఉంది.

డబ్బాకు ఇత్తడి తాళం వేసి ఉంది. దాని కింద 'మనుషులు పని చేస్తున్నారు' అని ఎర్రరంగుతో రాసిన రేకుముక్క వేలాడుతోంది. తాళం వేసింది సుగుణమణి భర్త యోనా. తాళంచెవి యోనా జేబులో ఉంది. యోనా బొగ్గుబాయి లోపల ఉన్నాడు.

తప్పు ఎవరిదో తేల్చమంటే పెద్దమనుషులు కూడా తల గోక్కోవాల్సిందే. నిన్న సాయంత్రం చాయ తాగుతూ వీరేందర్ ఒక మాట అన్నాడు. మిషిన్ల ఫ్యాన్లలో దుబ్బ పేరుకుందని, పొద్దున వచ్చి తుడుస్తానని. గోదావరిఖనిలో దుబ్బ అంటే మామూలు దుమ్ము కాదు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. మనుషులు పీల్చేదే మిషిన్లూ పీలుస్తాయి.

ఆ మాట యోనా చెవిన పడింది. ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్. మిషిన్‌లో చెయ్యి పెట్టే మనిషి ఉన్నాడంటే ముందు కరెంటు బంద్ చెయ్యాలి, బోర్డు కట్టాలి, తాళం వెయ్యాలి, చెవి జేబులో వేసుకోవాలి. అన్నం ముందు ప్రార్థన ఎంత అలవాటో ఆయనకు ఇదీ అంతే. పొద్దున్నే డ్యూటీకి పోతూ, మెయిను కరెంటుతోపాటు బ్యాటరీలు కూడా తప్పించి, అంతా పద్ధతి ప్రకారం చేసి వెళ్లాడు. పరాయి పిల్లవాడికి చీమంత షాకు కూడా తగలకూడదని చేశాడు.

ఆ మిషిన్ల మీద ఆదివారాలు నడిచే పరీక్ష ఎప్పటిలాగే సాయంత్రం అనుకున్నాడు. ఈ ఆదివారం దాన్ని మధ్యాహ్నానికి మార్చింది లిల్లీ. దేశమంతా చాటింది కానీ, పక్కగదిలో పడుకున్న తండ్రికి చెప్పలేదు. ఎలా చెబుతుంది? తండ్రికీ కూతురికీ వారం నుంచి మాటల్లేవు. "బాపును అన్నానికి రమ్మను" అని కూతురు తల్లితో అంటుంది. "నీ బిడ్డను తలుపేసుకొమ్మను" అని తండ్రి భార్యతో అంటాడు. ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చుని ఉంటారు.

మాటలు పోయింది కూడా ఈ మిషిన్ల దగ్గరే. 'చెమ్మస్' అనే సైటు లిల్లీ, వీరేందర్ కలిసి పెట్టింది. బొగ్గుబాయిల్లో సర్దారు, ఓవర్‌మన్ లాంటి పై ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఇంట్లోనే కూర్చుని అందులో మాదిరి పరీక్ష రాసుకోవచ్చు. తాత బొగ్గు ఎత్తిన పార పేరే లిల్లీ దానికి పెట్టుకుంది. మొదట్లో ఇక్కడి పిల్లలే రాసేవాళ్లు. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్లో వస్తున్నారు, వెనకగది మొయ్యలేకపోతోంది. మిషిన్ల పనంతా ఒక హోస్టింగ్ కంపెనీకి అప్పజెబుదాం, కరెంటూ చల్లదనమూ కాపలా అన్నీ వాళ్లే చూసుకుంటారు అంది లిల్లీ. యోనా కంచం ముందునుంచి లేచాడు. "కన్నబిడ్డను కిరాయికిస్తరా?" అన్నాడు. అక్కడ తెగిన మాట మళ్లీ అతకలేదు.

లిల్లీ ఫోను పెట్టేసి లేచింది.

"బాయి మీద ఆఫీసుల గట్టయ్య కాక దొరికిండమ్మా. బాపు ఆ కొసన పంపు కాడికి పోయిండట. అటు పోయే మనిషితోని మాట పంపిస్త అన్నడు. చెవి మాత్రం డ్యూటీ దిగినంకనే పైకొస్తది, ఆదివారం నడిమిట్ల మనిషిని పైకి తెచ్చుడు కాదు అన్నడు."

బాయి లోపలికి సెల్‌ఫోను పోదు. అగ్గిపెట్టె ఎలా పోదో అలాగే.

"పరీక్ష టైముకు రాడా?" అన్నాడు వీరేందర్.

"ఎట్లొస్తడన్నా? అయ్యే ముచ్చట కాదు."

"విన్నవా పెద్దమ్మా?" వీరేందర్ గొంతు లేచింది. "పోయిన నెల ఒకసారి ఆగింది. మాఫ్ చేసిన్రు. ఇయ్యాల మల్ల ఆగితే ఒక్కడు సుత మన మొఖం చూడడు. కమాన్‌పూర్ల మా భూమి బాయికింద పోయింది. నౌకరి వస్తదన్నరు, నాకు రాలె, మా తమ్మునికి రాలె. నాకు గిదే భూమి, గిదే నౌకరి. నీకు దండం పెడ్త, జరుగు."

సుగుణమణి అతని మొహంలోకి చూసింది. పిల్లవాడు చెడ్డవాడు కాదు. అబద్ధమూ చెప్పడం లేదు.

"మా తమ్ముడు ఇమ్మాన్యుయేల్ ముచ్చట నీకెవలన్న చెప్పిన్రా?"

వీరేందర్ రాడ్డు కొంచెం దించాడు.

"మిషిన్ కింద పండుకొని పని చేస్తుండె. బోర్డు కట్టిండు, తాళం పెట్టిండు. ఇంకో షిఫ్టాయన వచ్చిండు. మంచోడే, మా వాడకట్టోడే. తాళం మరిచిపోయిన్రనుకున్నడు. లోపల ఎవలుంటరు అనుకున్నడు, నీ లెక్కనే. పగలగొట్టిండు."

తర్వాతిది ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

"ఆయన్ని నేనెన్నడు తిట్టలె. క్రిస్మస్‌కు ఇప్పటికీ మా ఇంట్ల తిని పోతడు. కానీ మా ఇంట్ల ఒకటే మాట బిడ్డా. తాళం వేసినోడే తియ్యాలె. మీ పెద్దనాయిన ఇయ్యాల ఆ చీకట్ల మోటర్ల చెయ్యి పెట్టి పని చేస్తున్నడంటే, తన తాళం ఎవ్వలు ముట్టరన్న ధైర్నంతోనే. ఇక్కడ నేను ముడితె, అక్కడ ఎవలో ముడ్తరు."

అది లెక్కకు నిలిచే మాట కాదు. ఇక్కడి తాళానికీ అక్కడి తాళానికీ మధ్య తీగ లేదు. వీరేందర్‌కు ఆ సంగతి తెలుసు, సుగుణమణికీ తెలుసు. అయినా అతను రాడ్డును గోడకు ఆనించి పెట్టేశాడు.

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"అమ్మా," అంది లిల్లీ. "ఇంకో తొవ్వ ఉన్నది."

ఆ గొంతు సుగుణమణికి తెలుసు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని బడినుంచి వచ్చినప్పుడు కూడా ఈ పిల్లది ఇదే గొంతు.

"మేము కాపీ చేసినం. ప్రశ్నలు, పిల్లల పేర్లు, మార్కులు, అన్నీ. ఆ హోస్టింగ్ కంపెనీ కాడ పెట్టినం. ఉత్త ట్రయలుకే."

"ఎప్పుడు?"

"బాపు వద్దన్నంక."

వద్దనకముందు కాదు, వద్దన్నాక. సుగుణమణికి ఆ మాట మింగుడుపడలేదు. వీరేందర్ వైపు తిరిగింది.

"అయితే ఈ రాడ్డు ఎందుకు పట్టుకున్నవురా?"

వీరేందర్ నేల చూపులు చూశాడు. "తాళం పలిగితే పెద్దనాయిన ఒకనాడు తిడ్తడు. గిది తెలిస్తే జిందగీల మాట్లాడడు అన్నది లిల్లీ."

ఇంతటి ఆపదలోనూ సుగుణమణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ ఆపుకుని అడిగింది. "మరి అక్కడినుంచే నడుపున్రి. నన్నెందుకు అడుగుతున్నరు?"

"నేను చెప్తే నడపరు. నువ్వు చెప్పాలె. ఓనరు గొంతు వినందే అసలు సైటును అటు మార్చరు. ఓనరువు నువ్వే గదా అమ్మా."

అవును, ఆ సంగతి ఆమెకే గుర్తులేదు. యోనా నౌకరీలో ఉన్నాడు కనుక వ్యాపారం ఆయన పేరు మీద పెట్టకూడదు. లిల్లీ అప్పటికి చదువుకుంటోంది. అందుకని ఈ బొగ్గుపట్నంలో సగం దుకాణాల మాదిరే చెమ్మస్‌ను కూడా ఇంటావిడ పేరు మీద పెట్టారు. చూపించిన చోటల్లా సంతకం చేసి, పప్పు మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తింది. యజమానురాలయ్యాక సుగుణమణి చేసిన మొదటి పని పప్పులో నీళ్లు పొయ్యడం. రెండో పని ఇప్పుడు పడింది.

ఆమె నేల మీదే కూర్చుంది. చీర సంగతి మరిచిపోయింది.

యోనా కొన్నాళ్లలో రిటైరవుతాడు. ఆ వెనకగదిలో తీగలన్నీ ఆయనే లాగాడు. డ్యూటీ దిగొచ్చి, కాళ్లు కడుక్కుని, నేరుగా అక్కడికే పోతాడు. బ్యాటరీల్లో నీళ్లు చూసి, మిషిన్ల మీద చెయ్యి పెట్టి వేడి చూసి, "అందరు సల్లగున్నరు" అని చెప్పాకే అన్నానికి కూర్చుంటాడు. రిటైరైన తోటివాళ్లు చౌరస్తాలో పొద్దు గడపలేక దిగాలుగా కూర్చుంటే, "నాకేం ఫికర్, ఇంట్ల ఇంకో డ్యూటీ ఉన్నది" అంటాడు. తను అవునంటే ఆ డ్యూటీ పోతుంది. కాదంటే ఈ ఇద్దరు పిల్లల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

లిల్లీ చేతిలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి సుగుణమణే ఎత్తింది. ఎవరో ఆడపిల్ల, జార్ఖండ్ నుంచి. దవాఖానలోనూ బజారులోనూ నేర్చిన ఉర్దూ కొద్దిగా ఉంది కాబట్టి మాట అర్థమైంది. తమ ఊళ్లో సర్దారు పరీక్షకు కూర్చుంటున్న మొదటి ఆడమనిషి తనేనట. చంటిపిల్లను ఇవాళ మధ్యాహ్నం వరకే ఎత్తుకుంటానని అత్త ఒప్పుకుందట. మళ్లీ ఒప్పుకోదట. తలుపు ఎప్పుడు తెరుస్తారు దీదీ, అని అడిగింది.

సుగుణమణి ఫోను పెట్టేసింది.

"ఆ కంపెనీకి కలుపు," అంది.

అవతల ఒక అమ్మాయి ఎత్తింది. తన పేరు రాజకుమారి అని చెప్పింది. ఈమె పేరు, భర్త పేరు, పుట్టిన తారీకు అడిగింది. అసలు తారీకు కన్నతల్లికే తెలియదు. బడిలో పంతులు రాసింది చెప్పింది సుగుణమణి.

"థాంక్యూ మేడమ్. మారుద్దామా?"

మేడమ్ అనిపించుకోవడం ఆమెకు కొత్త. గొంతు సవరించుకుంది. "ఒక్క మాట అడుగుత బిడ్డా. మా పని మీ మిషిన్లల్ల నడుస్తదంటున్నరు. ఆ మిషిన్లు నీ ఎదురుంగ ఉన్నయా?"

"లేవు మేడమ్. నేను హైదరాబాద్ ఆఫీసులో ఉన్నాను. మిషిన్లు ముంబయిలో కొన్ని, చెన్నైలో కొన్ని ఉంటాయి."

"ఎన్నడన్న చూసినవా?"

ఆ అమ్మాయి నవ్వింది. "నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు మేడమ్. మా ఆఫీసులో చాలామంది చూసి ఉండరు."

"మరి ఎట్ల నమ్ముతున్నవు?"

అవతల కాస్త ఆలోచించినట్టుంది. "ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది మేడమ్. అది రోజూ చూస్తాను. ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు అందుకుందో వాడేవాళ్లకు తెలియనే తెలియదు."

సుగుణమణి నోరు తెరుచుకుని విన్నది. చూడనిదాన్ని నమ్మండి అని ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరు చెబుతూనే ఉన్నాడు. ఇవాళ తాను చర్చికి పోలేదు, ఆ మాటే ఫోనెక్కి ఇంటికొచ్చింది.

"మీరు అవునంటే మొదలుపెడతాను మేడమ్."

"అవును."

ఇంత చిన్నమాట. పెళ్లిలో పాస్టరు ముందు అన్న అవును తర్వాత, అవునో కాదో చెప్పమని ఆమెను ఎవరూ పట్టుబట్టి అడగలేదు.

లిల్లీ లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టింది. తెర మీద ఇండియా పటం ఉంది. ఎవరు ఎక్కడినుంచి సైటులోకి వచ్చినా అక్కడ ఒక చుక్క వెలుగుతుందని చెప్పింది. పటం అంతా నల్లగా ఉంది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

తూర్పున ఒక చుక్క వెలిగింది.

"ఏడ అది?"

"ఝరియా." లిల్లీ తెరకు దగ్గరగా జరిగింది. "అగో, సింగ్రౌలి. అది కోర్బా అమ్మా. కిందిది తాల్చేరు."

"మనోళ్లు వచ్చిన్రు!" వీరేందర్ చిన్నపిల్లాడిలా అరిచాడు. "మణుగూరు, కొత్తగూడెం, భూపాలపల్లి!"

చుక్క పక్కన చుక్క. సుగుణమణి చూస్తూనే ఉంది. సముద్రపు ఒడ్డున ఏమీ లేదు. పెద్ద పట్నాలున్న చోట ఒకటో రెండో. బొగ్గున్న చోట మాత్రం గుంపులు గుంపులు. నేల కింద ఎక్కడ బొగ్గు ఉందో ఎవరో పైనుంచి దీపం పెట్టి చూపిస్తున్నట్టుంది. దేశంలో ఇంకా బాయిలున్నాయని ఆమె పుట్టినప్పటినుంచీ వింటూనే ఉంది. కానీ అక్కడా తమలాంటి ఇళ్లుంటాయని, డ్యూటీకి పోయిన మనిషి కోసం అక్కడా ఆడవాళ్లు గుమ్మంలో నిలబడతారని ఎన్నడూ తోచలేదు. ఇందరి తాతలు తట్టలు మోశారు. ఇందరి తమ్ముళ్లు లోపలికి పోయారు. వాళ్లంతా తన అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆమె చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఒకసారి లేచి వెనకగది తలుపు తీసి చూసింది. ఒక్క దీపం లేదు, ఒక్క చప్పుడు లేదు. ఇక్కడ ఏమీ లేదు, అయినా అంతా జరుగుతోంది. ఆమెకు భయమూ వేసింది, సంబరమూ వేసింది. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

మొదటి బ్యాచ్ అయిపోయి రెండో బ్యాచ్ రాస్తుండగా యోనా వచ్చాడు.

స్కూటర్ స్టాండు సరిగ్గా వెయ్యలేదు, అది గేటుకు ఒరిగింది. తల తడి ఆరలేదు. ఎవరి వైపూ చూడకుండా డబ్బా దగ్గరికి పోయి, "లోపల ఎవలన్న ఉన్నరా?" అని అలవాటు ప్రకారం కేకేశాడు. జవాబు కోసం ఆగాడు. గదిలోకి తొంగి చూశాడు. అప్పుడు తాళం తీసి, బోర్డు విప్పి, స్విచ్ వేశాడు. వెనకగది ఒక్కసారిగా హోరందుకుంది.

ఆ తర్వాత గడప మీద కూలబడ్డాడు.

"లిల్లీ," అన్నాడు. వారం తర్వాత కూతురిని పేరు పెట్టి పిలవడం అదే. "గట్టయ్య పంపిన మాట పంపు కాడ అందింది. అప్పటి సంది ఈ చెవి నా జేబుల నిప్పు లెక్కనే ఉన్నది. పైకి రావస్తలేదు, ఎవలకన్న ఇచ్చి పంపుదామంటే మనిషి లేడు. ఎందరు పిల్లలు బిడ్డా? ఎందరు కూసొని కూసొని పోయిన్రు? నీ కష్టమంత నా చేతులతోని బంద్ చేస్తి. తిట్టు. ఏమన్న అను. మాట్లాడు మాత్రం."

లిల్లీ తల్లి వైపు చూసింది. మాట్లాడకపోతే ఆ మనిషి ఈ పాపాన్ని చచ్చేదాకా మోస్తాడు. మాట్లాడితే ఏం చెప్పాలి?

"ఆగలేదయ్యా," అంది సుగుణమణి.

"ఏంది?"

"పరీక్ష ఆగలె. ఇప్పుడు సుత నడుస్తున్నది."

యోనా మొహం మారింది. "తాళం పగలగొట్టి మల్ల వేసిన్రా?"

"నీ తాళం ఎవ్వలు ముట్టలె. ముట్టనియ్యలె." ఆమె భర్త పక్కనే గడప మీద కూర్చుంది. "ఆ కంపెనీల కాపీ ఉండె. నడుపమని నేనే చెప్పిన. నీకు చెప్పకుంట చేసిన్రని పిల్లల మీద ఒర్రకు. అవునన్నది నేను. ఒర్రితే నా మీద ఒర్రు."

ఒర్రుతాడనే, కేకలేస్తాడనే అనుకుంది. యోనా ఒర్రలేదు. లేచి అరుగు దగ్గరికి వచ్చాడు. లాప్‌టాప్ ముట్టుకోబోయి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ ముట్టుకోకుండానే వంగి చూశాడు.

"ఇదంత మన గదిలకెల్లి కాదా?"

"కాదు బాపు."

"నేను బంద్ చేసినా ఆగలేదా?"

"ఆగలేదు."

అందులో కోపం లేదు. ఆయన ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి ఊరిపేరు అడిగాడు. లిల్లీ చెప్పింది. ధన్‌బాద్ అనగానే, "వయసుల ఉన్నప్పుడు ట్రైనింగుకు పోయిన. రొట్టెలు తినలేక సచ్చిన," అన్నాడు. లిల్లీ నవ్వింది, ఆయనా నవ్వాడు. తండ్రీకూతుళ్ల నవ్వు ఇంట్లో వినబడేసరికి సుగుణమణికి కళ్లు చెమ్మగిల్లాయి.

"ముంబయిల కరెంటు పోతె?" అడిగాడు యోనా.

"చెన్నై అందుకుంటది."

"అదీ పోతె?"

"ఇంకోటి ఉంటది బాపు."

"అంటే ఎవ్వలాపినా ఆగదు."

"ఆగదు!" అంది లిల్లీ గర్వంగా.

యోనా మొహంలో లేచిన చిరునవ్వు సగంలోనే నిలిచిపోయింది. పటాన్ని చాలాసేపు చూశాడు.

"మరి ఆపాల్సి వచ్చిననాడు ఎవలాపుతరు?"

లిల్లీ వీరేందర్ వైపు చూసింది. "ఎందుకాపాలె పెద్దనాయినా?" అన్నాడు వీరేందర్. "నడవాలనే గదా ఇంత కష్టం."

"నడిచేది ఏదైనా ఒకనాడు ఆపాల్సి వస్తది కొడుకా. తప్పు లెక్క పోతుండొచ్చు, దొంగ సొచ్చి ఉండొచ్చు, ఏమో. నడుస్తదా అని అందరు చూస్తరు. ఆగుతదా అని చూసినంకనే నేను మిషిన్‌ను చార్జి తీసుకునేది. దీన్ని ఆపే చెయ్యి ఎవలది?"

"అమ్మది," అంది లిల్లీ మెల్లగా. "అమ్మ మాట మీద నడిచింది. అమ్మ మాట మీదనే ఆగుతదంట."

యోనా తలెత్తి భార్యను చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనను అలా చూసిన జ్ఞాపకం సుగుణమణికి లేదు.

"నీ మాట మీదనా?"

"గట్లనే అంటున్నరు. నాకేం ఎరుక."

"అయితే ఆపి చూపియ్యి." ఆయన గొంతులో ఎగతాళి లేదు. "నీ మాటకు ఆగితే, రేపే ఆ మిషిన్లన్ని నా చేతులతోని ఇప్పుత. గది ఖాళీ చేస్త. ఇంక ఒక్క మాట అడగ. ఆగకపోతే మాత్రం అది మనది కాదు. మా నాయిన పార పేరు దానికి ఉండద్దు."

"బాపు, లోపల పిల్లలు రాస్తున్నరు!"

"ఉంటే ఉండనియ్యి. తొందరేమున్నది? ఆఖరి మనిషి బయటికొచ్చినంకనే. మనిషి లోపలుండంగ ఎవడన్న స్విచ్ ముడ్తడా?"

నలుగురూ అరుగు మీద కూర్చున్నారు. పరీక్ష ముగించినవాళ్ల చుక్కలు ఒకటొకటిగా ఆరిపోసాగాయి. మణుగూరు ఆరింది. కోర్బా పలచబడింది. ఒక్కొక్క చుక్క ఆరినప్పుడల్లా యోనా తల చిన్నగా ఊపుతున్నాడు, బాయిలోంచి మనుషులు పైకి వస్తుంటే చూసినట్టు. ఎవరూ చాయ సంగతి కూడా ఎత్తలేదు.

ఆఖరికి ఒక్క చుక్క మిగిలింది. తాల్చేరు వైపు. ఎంతకీ ఆరదు.

"నిమ్మలంగ రాయనియ్యి," అన్నాడు యోనా.

అదీ ఆరింది. పటం నల్లబడింది.

సుగుణమణి ఫోను కలిపింది. మళ్లీ ఆ అమ్మాయే ఎత్తింది. సంగతి విని ఆశ్చర్యపోయింది. "ఆపమంటారా మేడమ్? ఇందాకేగా నడపమన్నారు!"

సైటు తెరుచుకుంటుందో లేదో చూడడానికి లిల్లీ వేలు ఎత్తి పట్టుకుంది. వీరేందర్ కళ్లు మూసుకున్నాడు. యోనా మాత్రం తెరను చూడటం లేదు, భార్యనే చూస్తున్నాడు. ఆగితే ఈ మనిషి రేపు పొద్దున తన డ్యూటీని తన చేతులతోనే విప్పి అవతల పెడతాడు. ఆగకపోతే ఆ పిల్ల కష్టానికి ఇంట్లో చోటుండదు. ఆగాలని కోరుకోవాలో, ఆగకూడదని కోరుకోవాలో సుగుణమణికి తెలియలేదు. మధ్యాహ్నం అవును అన్నంత తేలిగ్గా ఈ మాట నోటికి రావడం లేదు.

"మేడమ్? లైన్లో ఉన్నారా?"

"ఉన్న బిడ్డా," అంది సుగుణమణి. "ఆపు."